ఇక్కడ 91.1, అక్కడ 91.1

హైదరాబాద్‌లో రేడియో 91.1 మీద పెడితే సినిమా పాట వస్తుంది. పాట అవగానే ఆర్‌జే హుషారుగా రెండు ముక్కలు మాట్లాడతాడు. ఆ వెంటనే నగల షాపు ప్రకటన, ఫ్లాట్ల ప్రకటన, మళ్ళీ పాట. నేనుంటున్న న్యూజెర్సీలో అదే 91.1 పెడితే ఏం వస్తుందో ముందే చెప్పడం ఎవరి వల్లా కాదు. ఓ రోజు వందేళ్ళ కిందట మైనపు సిలిండర్ మీద రికార్డు చేసిన బ్యాండు మేళం. ఓ రోజు మాలి దేశపు గిటారు. ఓ రోజు ఇద్దరు పెద్దమనుషులు ఏదో వెర్రి పందెం పెట్టుకుని, అందరూ వింటుండగానే గంటసేపు అందులో ఓడిపోతుంటారు. ఇంకో రోజు ఐదు నిమిషాల పాటు రంపపు కోత లాంటి చప్పుడు. అది ఫలానా దేశంలో ఫలానా ఏడాది వచ్చిన రికార్డు అని ఆ తర్వాత ఒకావిడ తాపీగా చెబుతుంది.

ఆ స్టేషన్ పేరు డబ్ల్యూఎఫ్‌ఎంయూ. ఉండేది జెర్సీ సిటీలో. మనవాళ్ళు దోసెలకీ సరుకులకీ వెళ్ళే ఇండియా స్క్వేర్ నుంచి అట్టే దూరం లేదు. అయినా మా తెలుగు స్నేహితుల్లో దాని పేరు తెలిసినవాళ్ళు దాదాపు లేరు. నేను చెప్పినా "అదో టైపు వాళ్ళకిలే" అని నవ్వేస్తారు. ఈ రెండు 91.1లకీ తేడా ఎందుకొచ్చిందంటే అందరూ చెప్పే జవాబు కూడా అలాంటిదే. వాళ్ళ టేస్టు వేరు, మన టేస్టు వేరు, మనకి సినిమా పాటలు చాలు అని.

నేనిది ఒప్పుకోను. ఏ స్టేషన్లో ఏం మోగాలో శ్రోతల టేస్టు కంటే చాలా ముందే తేలిపోతుంది. ఆ ఫ్రీక్వెన్సీ ఎవరి చేతికి, ఏ షరతు మీద, ఎంత ధరకి వచ్చిందన్న దగ్గరే తేలిపోతుంది.

అమెరికాలో 1945లోనే ఎఫ్‌ఎం బ్యాండులో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ముక్కని వ్యాపారం చేయని స్టేషన్ల కోసం పక్కన పెట్టేశారు. ఆ ముక్కలో ప్రకటనలు వేయకూడదు. కాబట్టి కోట్లున్నవాడు వచ్చినా అక్కడ అతనికి చేసుకునే పనేమీ ఉండదు. మన దేశంలో వ్యాపారం చేయనివాళ్ళ కోసం అంత పెద్ద ముక్కని పక్కన పెట్టలేదు. ఎఫ్‌ఎంని ప్రైవేటుకి తెరిచినప్పుడు వేలం వేశారు. మొదటి విడతలో వేలంపాట ఎంత పైకి పోయిందంటే, 108 ఫ్రీక్వెన్సీలు వేలం వేస్తే చివరికి నిజంగా మొదలైన స్టేషన్లు రెండు డజన్లు కూడా లేవు. మిగతావాళ్ళు ఆ ఫీజులు కట్టలేక తప్పుకున్నారు. తర్వాతి విడతల్లో ఫీజుల పద్ధతి మార్చారు కానీ వేలం మాత్రం ఉండిపోయింది. అంత పెట్టి కొన్న గంటని ఎవరైనా హరికథకి ఇస్తారా? ఇవ్వరు. పక్క స్టేషన్ ఏ పాట వేస్తోందో అదే వేస్తారు, అదీ కాస్త ముందుగా. ఆ ఆర్‌జేలని తప్పు పట్టడానికి నాకేం కనిపించదు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టినా నేనూ అదే చేస్తాను.

డబ్ల్యూఎఫ్‌ఎంయూ కథ మొదలైంది 1958లో. ఈస్ట్ ఆరెంజ్ అనే ఊళ్ళో ఉప్సలా కాలేజీ అని ఒక చిన్న లూథరన్ క్రైస్తవ కాలేజీ ఉండేది. ఇది దాని విద్యార్థుల స్టేషన్. 1960ల చివర్లో అక్కడి కుర్రాళ్ళు ఫ్రీఫార్మ్ మొదలుపెట్టారు. అంటే మైకు ముందు కూర్చున్న మనిషి తన గంటల్లో ఏం వేయాలో తనే తేల్చుకుంటాడు, పైనుంచి జాబితా రాదు. అప్పట్లో అమెరికాలో చాలా స్టేషన్లు ఈ సరదా పడ్డాయి. ప్రకటనల డబ్బు రావడం మొదలవగానే ఒక్కొక్కటే మానుకున్నాయి. ఇది మానలేదు. కాలేజీ అప్పుల్లో కూరుకుపోతున్న రోజుల్లో, 1994లో, స్టేషన్ వాళ్ళంతా కలిసి ఆరికిల్ కమ్యూనికేషన్స్ అని లాభాపేక్ష లేని సంస్థ ఒకటి పెట్టి కాలేజీ దగ్గర లైసెన్సు కొనేసుకున్నారు. మరుసటేడు కాలేజీ మూతపడింది, స్టేషన్ మిగిలింది. 1998లో జెర్సీ సిటీలో సొంత బిల్డింగులోకి మారారు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద విషయం ఆ 1994 నాటి కొనుగోలు. జనం ఈ స్టేషన్ గురించి రాసేటప్పుడు వింత రికార్డుల గురించి రాస్తారు, డీజేల వెర్రిమొర్రి వేషాల గురించి రాస్తారు. 2001లో గ్లెన్ జోన్స్ అనే డీజే నిద్ర మానుకుని వంద గంటలకు పైగా ఏకధాటిగా ప్రసారం చేసి గిన్నిస్‌కెక్కిన సంగతి రాస్తారు. అవన్నీ బాగానే ఉంటాయి. కానీ ఆ ఏడాది లైసెన్సు కాగితం చేతులు మారకపోయి ఉంటే, కాలేజీ అప్పులవాళ్ళు ఆ ఫ్రీక్వెన్సీని ఎవరికో అమ్మేసుకునేవారు. ఆ తర్వాత ఎంత గొప్ప అభిరుచి ఉండి ఏం లాభం?

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. ప్రకటనలు లేవు. మిగతా పబ్లిక్ రేడియోల్లో వినిపించే "ఫలానా కంపెనీ సౌజన్యంతో" కూడా లేదు. డీజేలకి జీతం లేదు. పగలు ఏవేవో ఉద్యోగాలు చేసుకుంటూ వారానికి ఒకసారి వచ్చి, తలా రెండు మూడు గంటలు నడిపి పోతారు. జీతాలున్నది ఆఫీసు నడిపే కొద్దిమందికే. ఖర్చులో ఎక్కువ భాగం ఏటా రెండు వారాల పాటు నడిచే మారథాన్‌లో శ్రోతల దగ్గర అడిగి తెచ్చుకుంటారు. ఆ రెండు వారాలూ విసుగే, అబద్ధమెందుకు. అడుగుతారు, నవ్విస్తారు, మళ్ళీ అడుగుతారు. ఇచ్చినవాళ్ళకి టీషర్టులు, డీజేలు స్వయంగా కూర్చిన పాటల సంకలనాలు. దీనికి తోడు పాత రికార్డుల సంత ఒకటి న్యూయార్క్‌లో పెట్టేవారు. 2012లో శాండీ తుఫాను సరిగ్గా ఆ సంతకి ముందు వచ్చిపడింది. సంత రద్దయి, స్టేషన్‌కి నష్టమొచ్చి, చాలా ఇబ్బంది పడ్డారు. అప్పుడు కూడా ఆదుకున్నది శ్రోతలే. శ్రోతే డబ్బిచ్చే పద్ధతి వీళ్ళు కనిపెట్టింది కాదు. 1949లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో లూయిస్ హిల్ అనే ఆయన కేపీఎఫ్‌ఏ అనే స్టేషన్ పెట్టి మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళయినా ఈ పద్ధతికి మించింది రాలేదు. 2025లో అమెరికా కాంగ్రెసు పబ్లిక్ రేడియో, టీవీలకిచ్చే కేంద్ర నిధుల్ని ఒక్క బిల్లుతో కోసేసింది కదా. సర్కారు సొమ్ము మీద నిలబడ్డ స్టేషన్ ఎంత గొప్పదైనా దాని ప్రాణం ఎవరి చేతిలో ఉందో అప్పుడు తేలిపోయింది.

వినడం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో లెక్కల మాస్టారిలా ఉంటాను. మా బావమరిది ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకొస్తున్నాను. కారులో ఇదే నడుస్తోంది. కాసేపు ఓపిక పట్టి, "బావా, నీ రేడియో పాడైనట్టుందే" అన్నాడు. "పాడవలేదురా, ఇంకో రెండు నిమిషాలు విను" అన్నాను. ఆ గరగర సద్దుమణిగి, వెనకే 1960ల నాటి సోల్ పాట, అంటే అమెరికా నల్లజాతివాళ్ళ పాట ఒకటి వచ్చింది. ఎవరో ఊరూపేరూ లేని గాయని, గొంతు చించుకుని పాడింది. వాడు మాట్లాడలేదు. పాట అయ్యాక "ఇది బాగుంది, పేరేంటి?" అన్నాడు. ఆ పాటని విడిగా వినిపించి ఉంటే వాడికి అంతగా పట్టేది కాదని నా నమ్మకం. ముందు ఐదు నిమిషాలు చెవిని తోమిపెట్టాక వచ్చింది కాబట్టి పట్టింది. కలగలుపు కార్యక్రమంలో అసలు పనితనం అక్కడే ఉంటుంది, దేని తర్వాత దేన్ని వేశారన్న దగ్గర. పది రకాలు ఉన్నాయని గొప్ప చెప్పుకోవడంలో ఏమీ లేదు, ఏ కిరాణా కొట్లోనైనా పది రకాలుంటాయి.

శనివారం సాయంత్రాలు రాబ్ వైస్‌బర్గ్ నడిపే కార్యక్రమంలో ప్రపంచంలో ఎక్కడెక్కడి సంగీతమో వస్తుంది. పాత ఫోనోగ్రాఫుల మీదే పాత రికార్డులు వేసి వినిపించే కార్యక్రమం ఒకటుంది. ఈస్ట్ ఆరెంజ్‌కి దగ్గర్లోని వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ ల్యాబ్ మ్యూజియం ఉంది. అక్కడి రికార్డింగుల బాధ్యత చూసే ఆయనే ఇక్కడికొచ్చి, ఎడిసన్ కంపెనీ పాత రికార్డింగులు వినిపించేవాడు. గ్యారీ సల్లివన్ అనే కవి స్టేషన్ వాళ్ళ ఆన్‌లైన్ చానెల్లో నడిపినదైతే నాకు ప్రాణం. న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్ళ చిన్న చిన్న దుకాణాల్లో, ఫోన్ కార్డుల పక్కన, పచ్చళ్ళ పక్కన పెట్టి అమ్మే సీడీలు కొని తెచ్చి వేసేవాడు. అలాంటి దుకాణాల్లో మనం కందిపప్పు కొనుక్కుని బయటపడతాం.

మరీ ఆకాశానికెత్తేయను. డీజేల్లో చాలామంది నడివయసు దాటిన తెల్ల మగవాళ్ళు, రికార్డులు పోగుచేసే పిచ్చి ఉన్నవాళ్ళు. వాళ్ళలో వాళ్ళకే అర్థమయ్యే జోకులు ఎక్కువ. దక్షిణ భారత సంగీతం వాళ్ళకి ఇప్పటికీ అప్పుడప్పుడూ కనిపించే వింతే. ట్రాన్స్‌మిటర్ కూడా చిన్నది, 1250 వాట్లు. న్యూయార్క్ చుట్టూ కిక్కిరిసిన బ్యాండులో కారు ఒక బ్రిడ్జి ఎక్కగానే ఇంకో స్టేషన్ మీద పడిపోతుంది.

ఇక మన సంగతి. కలగలుపు మనకి కొత్త అనేవాళ్ళు ఆకాశవాణిని మరిచిపోయారు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. భక్తిరంజని, సంస్కృత పాఠం, కార్మికుల కార్యక్రమం, పాడిపంటలు, జానపద గీతాలు, ఈ మాసపు పాట, నాటకం, సంక్షిప్త శబ్దచిత్రం, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ ధర్మసందేహాలు. ఇటు హైదరాబాద్ నుంచి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల బాలానందం. ఇంతకన్నా కలగూరగంప ఇంకేముంటుంది? సంస్కృత పాఠం విన్నవాళ్ళే కాసేపటికి కార్మికుల కార్యక్రమం కూడా విన్నారు, ఎందుకంటే లేచి వెళ్ళి ముల్లు తిప్పడం ఎవరికీ తోచలేదు. మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ కచేరీలో ఎవరు రాగాన్ని అనవసరంగా సాగదీస్తున్నారో పొయ్యి ముందు కూర్చునే చెప్పేసేది. తెలుగువాళ్ళ టేస్టు సినిమా పాటకే సరిపోతుందని ఎవరన్నా అంటే నాకు ముందు ఆవిడే గుర్తొస్తుంది.

అయితే ఆ కలగలుపుకి ఓ గేటు ఉండేది, ఆ గేటు దగ్గర ఓ పెద్దాయన ఉండేవాడు. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాట అంటే చిన్నచూపు. ఆయన హయాంలో అది ఆకాశవాణి నుంచి దాదాపు మాయమైంది. జనం ఊరుకున్నారా, రేడియో సిలోన్‌కి వెళ్ళిపోయారు. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టి, తరిమేసిన పాటని మళ్ళీ ఇంట్లోకి పిలుచుకున్నారు. ఎవరు పాడచ్చో తేల్చడానికి ఆడిషన్లు, గ్రేడులు. శ్రోతకి ఏది మంచిదో ఢిల్లీకి తెలుసు అన్నది అప్పటి లెక్క. శ్రోతకి ఏది ఇష్టమో సర్వేకి తెలుసు అన్నది ఇప్పటి ప్రైవేటు ఎఫ్‌ఎం లెక్క. రెండింట్లోనూ మైకు ముందున్న మనిషి తన ఇష్టంతో ఒక్క పాట వేయడానికి వీల్లేదు.

నా వాదనకి అసలైన చిక్కు ఇక్కడే ఉంది. ఇంటర్నెట్ వచ్చింది. వేలం లేదు, ఫ్రీక్వెన్సీ లేదు, టవర్ లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు తెలుగు ఆన్‌లైన్ రేడియోలు పెట్టుకున్నారు. వాటిలో చాలావరకు ఏం వస్తోంది? అవే సినిమా పాటలు, మధ్యలో శ్రోతల ఫోన్లు, పుట్టినరోజు శుభాకాంక్షలు. మరి ధర, లైసెన్సు అంటూ ఇంతసేపు చెప్పిందంతా ఏమైంది?

వాటి మధ్యలో వచ్చే ప్రకటనలు వినండి. రియల్ ఎస్టేట్ ఏజెంటు, ఇమిగ్రేషన్ లాయరు, ఐటీ కన్సల్టెన్సీ, వచ్చే నెల జరగబోయే సినిమా సంగీత విభావరి. స్టేషన్ పెట్టడం చవకైంది కానీ, నడిపే డబ్బు మాత్రం అదే దారిన వస్తోంది. దాంతోపాటు ఇంకోటి కూడా ఉంది, అది డబ్బుకి సంబంధించింది కాదు. ఆ రేడియోలు శ్రోత అడిగిందే వేస్తాయి. ఫోన్ చేసి అడిగితే కాదనరు. అర్ధరాత్రి బెంగగా ఉన్న మనిషికి చిన్నప్పటి పాట వేయడం మంచి పనే, నేనూ అడిగి వేయించుకున్నవాణ్ణే. కానీ అడిగిందే వేసే చోట ఎవరికీ తెలియని పాట ఎప్పటికీ రాదు, ఎందుకంటే తెలియనిదాన్ని ఎవరూ అడగరు. అందుకే నా వాదనని కొంచెం సవరించుకుంటాను. డబ్బు దారి మారితే సగం పనే అవుతుంది. ఆ మూడు గంటలూ ఒక మనిషికి పూర్తిగా అప్పగించి, నిర్వాహకుడైనా శ్రోతైనా అడ్డు రాకుండా ఉంటేనే మిగతా సగం.

మన ఊళ్ళలో కమ్యూనిటీ రేడియో, అంటే స్థానిక సంస్థలు నడుపుకునే చిన్న స్టేషన్, ఉంది కదా అంటారు. ఉంది, దాని వెనక గర్వపడాల్సిన కథ కూడా ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు సొత్తు కాదు అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జస్టిస్ పి.బి. సావంత్ తీర్పు రాస్తే, మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా తన తీర్పు రాశారు. అయినా పల్లెల్లోని సంస్థలకి లైసెన్సులిచ్చే విధానం రావడానికి 2006 దాకా పట్టింది. ఈలోపు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల వాళ్ళు, లైసెన్సు లేకపోయినా ఏళ్ళ తరబడి టేపుల మీద రికార్డు చేసుకుని ఊళ్ళలో వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో 90.4 మీద మొదలైంది. ప్రారంభించడానికి వచ్చింది ఆ జస్టిస్ సావంతే. జొన్నలు, కొర్రలు, విత్తనాల ముచ్చట్లు, మందు ఆకులు, పండగ పాటలు, వాళ్ళ యాసలో వాళ్ళే చెప్పుకున్నారు. ఏ స్టూడియోలోనూ ఆడిషన్ దాటనివ్వని గొంతులు అవి. డబ్ల్యూఎఫ్‌ఎంయూ డీజేలు ఆ టేపులు వింటే ఎగిరి గంతేస్తారని నా అనుమానం.

కానీ అలాంటి స్టేషన్ మన దగ్గర ఎలా బతకాలి? రూల్స్ ప్రకారం పవర్ 100 వాట్లు, అంటే చుట్టుపక్కల పది పన్నెండు కిలోమీటర్లు. సొంతంగా వార్తలు తయారు చేయకూడదు. ప్రకటనలకి మొదట గంటకి 5 నిమిషాలు, తర్వాత 7, 2024లో 12 చేశారు. ప్రభుత్వ ప్రకటనకి రేటు కూడా అప్పుడే 10 సెకన్లకి 74 రూపాయలు చేశారు. గంటలో 12 నిమిషాలూ నిండితే 5,328 రూపాయలు, నిండితే సుమా. అందుకని చాలా స్టేషన్లు ఏదో ఒక శాఖ ప్రాజెక్టు కోసం చూస్తుంటాయి. చేతులు కడుక్కోండి, టీకాలు వేయించండి, ఫలానా పథకానికి దరఖాస్తు పెట్టుకోండి. అవసరమైనవే, కాదనను. పేదవాళ్ళ రేడియో అంటే వాళ్ళకి ఏదో ఒకటి బోధించాలన్న పట్టుదలే నాకు నచ్చదు. ఊరి మనిషికి కూడా అర్థంపర్థం లేని, ఉపయోగం లేని, అందమైన చప్పుడు వినే హక్కుంది. కమ్యూనిటీ రేడియో అనగానే కళ అన్న మాట ఎందుకు తట్టదు మనకి? లండన్‌లో 2002లో మొదలైన రెజోనెన్స్ ఎఫ్‌ఎం చూడండి. సంగీతకారుల సంఘం ఒకటి పెట్టిన స్టేషన్, కమ్యూనిటీ లైసెన్సు మీదే నడుస్తుంది. దాని పని మొత్తం కళే. బజారు చప్పుళ్ళు, అడవి చప్పుళ్ళు రికార్డు చేసి వినిపించే కార్యక్రమం అందులో మొదలైంది, సైకిళ్ళ మీద ఓ కార్యక్రమం, వీడియో గేముల మీద ఇంకోటి. అదీ సమాజమే కదా.

ఎవరు వింటారు ఇదంతా, అన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొద్దిమందే వింటారు. ఆ కొద్దిమందే డబ్బిచ్చి ఇన్నేళ్ళు నడిపారు. ఎంతమంది వింటున్నారన్నది ప్రకటనలు అమ్ముకునేవాడికి కావాల్సిన లెక్క, నాకెందుకది? ఫోన్‌లో యాప్ ఉండగా రేడియో ఎందుకనేది రెండో ప్రశ్న. యాప్ నేనూ వాడతాను. నిన్న విన్నదానికి దగ్గరగా ఉన్నది ఇవ్వడంలో దాన్ని మించింది లేదు. నాకు నచ్చదని తెలిసీ ఒకటి వేసి, "ఓపిక పట్టండి" అని చెప్పే ధైర్యం మాత్రం దానికి లేదు.

తెలుగులో ఇలాంటి స్టేషన్ రేపే వస్తుందని నేను కలలు కనడం లేదు. దానికన్నా చిన్నది అడుగుతాను. కమ్యూనిటీ రేడియోలు నడుపుతున్న కాలేజీలు, యూనివర్సిటీలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వారానికి ఒక రాత్రి, మూడు గంటలు, ఒక మనిషికి ఇవ్వండి. ముందుగా జాబితా అడక్కండి. షేక్ నాజర్ బుర్రకథ పక్కన చుక్క సత్తయ్య ఒగ్గుకథ వేస్తాడో, దాని పక్కన ఇంజనీరింగ్ కుర్రాళ్ళ ర్యాప్ వేస్తాడో, షేక్ చినమౌలానా నాదస్వరం తర్వాత సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం చప్పుడు వేస్తాడో అతనికే వదిలేయండి. బాగాలేకపోతే వచ్చే ఏడాది ఆ గంటలు ఇంకొకరికివ్వండి.

ఆకాశవాణికి కూడా ఓ మాట. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు దశాబ్దాల తరబడి రికార్డు చేసిన సరుకు జనం పన్నులతో, ఒకప్పుడు పోస్టాఫీసులో మనం కట్టిన రేడియో లైసెన్సు ఫీజులతో తయారైంది. అందులోంచి ఎప్పుడో ఓ సీడీ, ఎప్పుడో ఓ యూట్యూబ్ ముక్క బయటికొస్తుంది, అదీ పేరున్న విద్వాంసులదే. పేరులేని పల్లెపాటగాళ్ళ టేపుల్ని కమ్యూనిటీ స్టేషన్లు ఫీజు లేకుండా ప్రసారం చేసుకోవచ్చని, ఆకాశవాణిని నడిపే ప్రసారభారతి ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి, రాత్రి గంటలు ఖాళీగా ఉన్నాయి, జీతం అడక్కుండా వచ్చి కూర్చునే పిచ్చివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.